తెర కట్టి తీసిన బొమ్మ

అశోక్ నగరులోని సిటీ సెంట్రల్ గ్రంథాలయము నుండి సాయంకాలము వెలువడు విద్యార్థిజనము, చీటీలు గ్రుచ్చిన పుస్తకములు చేతబట్టి, నీటిసీసాల సంచులు భుజమున తగిలించుకొని, చాయి దుకాణముల వైపును మెస్సుల వైపును జిరాక్సు అంగళ్ళ వైపును చీలిపోవు వేళ, ఆ వీధులలోని యొక ఇరుకైన ఫోటో స్టూడియోలో ఒక యువకుడు తనది కాని నల్లకోటును తొడుగుకొనుచుండెను. దరఖాస్తునకు వలసిన పాస్‌పోర్టు సైజు బొమ్మలు అప్పటికే తీయించుకొనెను. వెనుక తెల్లని గోడ, రెండు చెవులును కనబడవలెను, నవ్వరాదు అను నియమములకు లోబడిన ఆ బొమ్మలు ప్రభుత్వము వారి కొరకు. ఈ రెండవది ఇంటి కొరకు. కోటు అతని మేనికి మిక్కిలి వదులు. ఏబదియేండ్లు దాటిన స్టూడియో యజమాని వీపు వెనుక వస్త్రమును మడిచి బట్టల క్లిప్పులతో బిగించి, ముందే ముడివేసియుంచిన టైని తలమీదుగా దించి, కాలరు సవరించి, రెండడుగులు వెనుకకు నడిచి పరికించెను.

"గడ్డం జర కిందికి, తమ్మీ. భుజాలు ఒక్క తీరుగ పెట్టు. ఆఁ, గట్లనే."

"నవ్వాల్నా వద్దా, అన్నా?"

"గిది మీ అమ్మకు పంపే ఫోటో గద. నవ్వు."

దీపము మెరిసెను. చట్రములో పడినది ఛాతి వరకే గనుక, క్రిందనున్న మాసిన ప్యాంటును రబ్బరు చెప్పులును ఎవరికిని కానరావు. కోటు మరల గోడమేకునకు వ్రేలాడెను. యువకుడు కంప్యూటరు తెరపై తన రూపమును, పరాయి మనుష్యుని చూచినట్లు కాక, రాబోవు బంధువును చూచినట్లు చూచుకొనుచు చాలసేపు నిలువబడెను.

ఆ బొమ్మ అబద్ధమని ఎవరైన అన్నచో నేనొప్పుకొనను. అతడు కోటు గలవాడనని తల్లిని వంచించుటకు దానిని తీయించుకొనలేదు; ఆమెకును తెలియును, అది స్టూడియో వారి కోటని. తానెట్టివాడు కాగోరుచున్నాడో ఆ కోరికకు ఒక క్షణకాలము శరీరమిచ్చి, దానిని కాగితముపై నిలిపి పంపెను. తెర కట్టి, వేషము వేసి, దీపములు అమర్చి తీయు ఛాయాచిత్రమున కంతటికిని మూలబీజము ఈ పనిలోనే యున్నదని నా విశ్వాసము. ఆ బీజమునే వృక్షముగ పెంచిన యొక కళాకారిణిని గూర్చియు, నూటముప్పది యేండ్ల క్రిందట ఈ హైదరాబాదు నగరముననే తెరలు కట్టిన యొక మహానుభావుని గూర్చియు చెప్పుట కీ వ్యాసము.

అందరి నోటను ఉన్న ముచ్చట

2025 సెప్టెంబరు మాసమున మన యిండ్లలో ఒక వింత నడిచెను. గూగుల్ వారి జెమిని అను యంత్రమేధకు తమ ముఖచిత్రమొకటి యిచ్చి, నాలుగు మాటలు వ్రాసినచో, పాతకాలపు సినిమాలలోని నాయికవలె పలుచని చీర కట్టి, గాలికి కురులెగురుచు, పసిడి వెలుగులో నిలిచిన రూపమును అది రెప్పపాటులో చేసి యిచ్చుచుండెను. చిక్కడపల్లి అపార్టుమెంటులలోని గృహిణులును, నారాయణగూడ కళాశాలల బాలికలును, అమెరికాలోని కోడళ్ళును ఆ చిత్రములను ఒకరికొకరు పంపుకొనిరి. ముఖమును యంత్రమునకు అప్పగించుట క్షేమమా యని కొందరు శంకించిరి. స్టూడియోల వారు తమ భుక్తి యేమగునోయని కలవరపడిరి. ఈ రెండు శంకలును న్యాయమైనవే.

అంతకు ముందునుండియు మరియొక ముచ్చట కలదు. పెండ్లికి ముందు వధూవరులను కోటల యొద్దకు, చెరువుగట్లకు, నగరము వెలుపల ఇందుకొరకే కట్టిన సెట్టులకు కొనిపోయి, వేషములు మార్పించి తీయు ఫోటోషూట్లను చూచి పెద్దలు "ఇదేమి నాటకము?" అని విసుగుకొనుచున్నారు. నాటకమగుట దోషమని నేననుకొనను. ఏ జంటను చూచినను అదే గొడుగు, అదే పొగ, అదే పరుగు. ఆ పిల్ల యెవరో, ఆ పిల్లవాడెవరో, వారి తాతలేమి చేసిరో, వారి కేది యిష్టమో ఆ చిత్రములో ఒక్క ఆనవాలైనను కానరాదు. ఆ నాటకమున కథ లేదు, నా దుఃఖమది.

చక్కగా కనబడవలెనను కోరికను తక్కువ చేయుట కెవరికిని అధికారము లేదు. పగలంతయు వంటింట నిలిచిన స్త్రీ తన్ను తాను నాయికగా చూచుకొని మురిసినచో ఆ మురిపెము పవిత్రమైనది. అయితే ఆ చీర కుచ్చిళ్ళను ఆమె చేతులు పోయలేదు, ఆ వెలుగు ఆమె చెంపను తాకలేదు, ఆ నిలుకడ కొరకు ఆమె నడుము నొవ్వలేదు. ఆ నొప్పిలో నేమున్నదో తెలిసికొనవలెనన్న మొదట మన నగరపు పాత దర్పణముల వైపు చూడవలెను.

ముసవ్విర్ జంగ్ కట్టిన దర్బారు

రాజా దీనదయాళ్ 1844లో మీరట్టు సమీపమందలి సర్ధనాలో జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందూరు సంస్థానమున పనులశాఖలో నక్షాలు గీయు ఉద్యోగము చేయుచు, 1874 ప్రాంతమున కెమెరా చేపట్టెను. నక్షాలు గీయు చేయి గనుక, స్తంభమెచ్చట నుండవలెనో, నీడ యెచ్చట విరుగవలెనో, మనుష్యుని కుర్చీ కెంత ఎడముగ నిలుపవలెనో ఆయనకు విద్యవలెనే అబ్బినది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువు దొరికిన పిమ్మట సికిందరాబాదున స్టూడియో పెట్టి, 1896లో బొంబాయిలోను మరియొకటి తెరచెను. నిజాము ఆయనకు "ముసవ్విర్ జంగ్" అను బిరుదు నిచ్చెను. చిత్రకారునికి యోధుని బిరుదమిచ్చిన ఆ రాజహృదయము నాకెంతయో ప్రియము.

ఆ కాలమున ఫోటో యనిన క్షణములో ముగియు పనికాదు. గాజుపలకలు బరువు, వానిని పెట్టెలలో పదిలముగ మోయవలెను, కూర్చున్నవారు కదలిన యెడల ముఖము చెదరిపోవును. కావున దీనదయాళ్ తీసిన ప్రతి దర్బారు చిత్రమును, ప్రతి వేట చిత్రమును, ప్రతి కుటుంబ చిత్రమును ముందుగా కట్టబడినదే. ఎవరు కూర్చుండవలెను, ఎవరు నిలువవలెను, తివాచీ యంచు ఎచ్చటికి రావలెను, బాలరాజకుమారుని చేతిలో ఖడ్గముండవలెనా బంతి యుండవలెనా అను విషయములన్నియు పలకను కెమెరాలో నునుచుటకు మునుపే తేలవలెను. 1902లో వైస్రాయి కర్జను దంపతులు మన రాజ్యపు అడవులలో చంపిన పులి చెంత నిలిచి తీయించుకొన్న చిత్రము లోకప్రసిద్ధము. పులి పడిన క్షణమున కెమెరా లేదు. పడిన పులిని సవరించి, తుపాకులు పట్టి, టోపీలు సరిచేసికొని మరల ఒక వేటను వారభినయించిరి. సామ్రాజ్యము తన్ను తాను ఎట్లు చూచుకొనగోరెనో ఆ అభినయములో మనకు స్పష్టముగ తెలియుచున్నది. దాచి తీసిన చిత్రమైనను అంత నిజము చెప్పియుండదు.

ఆయన చేసిన పనులలో నన్ను మిక్కిలి కదలించునది 1892లో హైదరాబాదున తెరచిన జనానా స్టూడియో. ఘోషా పాటించు స్త్రీల కొరకు ఎత్తైన ప్రహరీల నడుమ దానిని నెలకొల్పి, కెన్నీ-లెవిక్ అను ఆంగ్లవనితను అధికారిణిగ నియమించి, సహాయకులనుగూడ స్త్రీలనే పెట్టెను. పరపురుషుని కంట పడని యింతులు ఆ ప్రహరీ దాటి లోనికి వచ్చి, తమకు నచ్చిన నగలు పెట్టుకొని, తమకు నచ్చిన కుర్చీలో కూర్చుండి, ఒక స్త్రీ చూపునకు తమ చూపు కలిపిరి. ఆనాటి యువతికి అద్దములో తప్ప తన ముఖమెరుగు మార్గము లేదు. కాగితముపై నిలిచిన తన ముఖమును మొదటిసారి చేతిలోనికి తీసికొన్నప్పుడు ఆమె హృదయ మెట్లు స్పందించెనో ఊహించి చూడుడు.

> దీనదయాళ్: కొన్ని వివరములు
> 1893లో చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రములకు బహుమానము లభించెను. 1897లో విక్టోరియా రాణి తన ఛాయాగ్రాహకునిగ ఆయనకు పట్టా యిచ్చెను. 1905లో దివంగతుడయ్యెను. ఆయన గాజు నెగటివులు 2,857 ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము వారు 1989లో సేకరించి ఢిల్లీలో భద్రపరచిరి. 2006లో భారత తపాలాశాఖ ఆయన స్మారకముగ బిళ్ళ వెలువరించెను.

ఒక దేహమునకు ఎన్ని రూపములు

దీనదయాళ్ పరుల కొరకు తెర కట్టెను. తెర కట్టి, దాని ముందు తానే నిలిచి, ఆ తెర వెనుకనున్న దానినిగూడ మనకు చూపిన కళాకారిణి మన పొరుగు రాష్ట్రపు బెంగళూరులో కలదు. ఆమె పుష్పమాల ఎన్. 1956లో జన్మించిన ఈమె బరోడాలో శిల్పవిద్య నభ్యసించి, మట్టితో బొమ్మలు చేసి పేరొందిన పిదప, 1990ల నడిమి కాలమున తన దేహమునే శిల్పద్రవ్యముగ స్వీకరించెను. 1996, 1998 సంవత్సరముల మధ్య చేసిన "ఫాంటమ్ లేడీ" అను చిత్రమాలలో, పాత సాహస చలనచిత్రముల నాయిక నాడియాను తలపించు ముసుగు వీరవనితయై బొంబాయి వీధులలోను పాత కట్టడములలోను సంచరించెను. ఆ తరువాత బొంబాయి తారల ముఖములను దశాబ్దముల పాటు వెలిగించిన వృద్ధ ఛాయాగ్రాహకుడు జె. హెచ్. ఠక్కరు స్టూడియోకు పోయి, ఆయన పాత దీపముల పద్ధతిలోనే తన్ను చిత్రింపజేసికొనెను. ఆ విద్య ఆయనతో మాసిపోకుండ, ఆ వెలుగు ఇంకొకమారు ఒక ముఖముపై పడునట్లు చేసినది. గురువునొద్దకు పోయి విద్య నర్థించుటలోని వినయము ఆ చిత్రములలో కనబడుచున్నది.

ఆమె మహాకృతి 2000, 2004 సంవత్సరముల మధ్య క్లేర్ ఆర్నీ అను ఛాయాగ్రాహకురాలితో కలిసి చేసిన "నేటివ్ విమెన్ ఆఫ్ సౌత్ ఇండియా". దక్షిణదేశపు స్త్రీని లోకము ఇంతవరకు ఏయే రూపములలో చిత్రించెనో ఆ రూపములన్నింటిని ఏరి తెచ్చి, వానిలో ఒక్కొక్కదానియందు తానే ప్రవేశించెను. రవివర్మ లక్ష్మియు, 1889లో ఆయన చిత్రించిన వెన్నెలలోని వనితయు, బీజాపూరు సూక్ష్మచిత్రపు యోగినియు, వేలాంకన్ని మాతయు, వార్తాపత్రికలో అచ్చయిన నేరస్థురాలును అందరు ఆమెయే. పంతొమ్మిదవ శతాబ్దమున తెల్లదొరలు అండమాను ద్వీపవాసులను గళ్ళపలక ముందు నిలిపి, అంగుళముల లెక్కన కొలిచి తీసిన చిత్రములనుగూడ ఆమె మరల అభినయించెను. పూజగదిలోని దేవతయు, పోలీసు ఠాణాలోని నిందితురాలును, కొలబద్ద ముందు నిలిచిన వనవాసినియు ఒకే ముఖముతో మన యెదుట నిలిచినప్పుడు కలుగు గగుర్పాటును నేను మాటలలో పెట్టలేను. ముఖమొక్కటే, తెర మారినప్పుడెల్ల మన చూపు మారుచున్నది. దేవతకు చేతులు మోడ్చిన మనమే నిందితురాలి వైపు చూచి ముఖము చిట్లించుచున్నాము.

రవివర్మ లక్ష్మి మన తెలుగువారి యింట నెంతటి చుట్టమో చెప్పనక్కరలేదు. 1894లో బొంబాయిలో ఆయన స్థాపించిన ముద్రణాలయము నుండి వెలువడిన రంగుల బొమ్మలు దేశమంతట వ్యాపించి, చట్రములలో బిగిసి, పసుపు కుంకుమలతో మసకబారి, మన తాతమ్మల దేవుని మూలలను అలంకరించినవి. ఆ బొమ్మను దేహముతో మరల నిలుపబూనినచో ఎన్ని చిక్కులు! కాన్వాసుపై కుంచె అవలీలగ తెచ్చిన రెండు అదనపు చేతులు, ఛాయాచిత్రమునకు వచ్చునప్పటికి పనివాని నేర్పునకు పరీక్షయగును. పద్మము కాలి బరువు నోర్వవలెను. చీర అంచు రవివర్మ గీసిన వంపునే తిరుగవలెను, గాలికేమో అది తెలియదు. ఏ వ్రేలు ఎట్లు మడిచెను, తల ఎంత వాల్చెను, చూపెక్కడ నిలిపెను అని గంటల తరబడి శోధించిన పిమ్మట, ఆ పటమును పుట్టినది మొదలు చూచుచున్నవారికిని దాని యందు ఇదివరకు కానరానివి కానవచ్చును. అనుకరణము ఇచ్చట అధ్యయనమైనది.

నన్ను అన్నింటికన్న ఎక్కువగ ఉత్సాహపరచిన సంగతి మరియొకటి. ఆ కృతిలో "ప్రాసెస్ సిరీస్" అని ఒక భాగమున్నది. తెరలు గీయుటయు, ముఖమునకు రంగు పూయుటయు, దీపములు మోయుటయు, చెక్కలకు మేకులు కొట్టుటయు అందు చిత్రములై యున్నవి. తన మాయను తానే విప్పి చూపినను ఆ మాయ చెడలేదు, ఇంకను గాఢమైనది. అట్టి తెరలను చిత్రించుటకు సినిమా హోర్డింగులు వ్రాయు చిత్రకారుల హస్తకౌశలము ఆమెకు తోడ్పడినది. ప్రదర్శనశాలకు ఎన్నడును పిలువబడని చేతులు ఆ విధముగ ప్రదర్శనశాల గోడ కెక్కినవి.

2012లో చేసిన "ఆవేగ" యందు సీతగను, శూర్పణఖగను, కైకేయిగను కనబడెను. మన మేకపక్షముగ తీర్పు చెప్పియుంచిన స్త్రీల లోపలికి పోయి నిలువబడుటకు ఎంత ధైర్యము, ఎంత కరుణ కావలెను! 2014లో కొచ్చి-ముజిరిస్ బియనాలెలో, కాలికట్టు జామొరిను కొలువులో వాస్కో డ గామా నిలిచినట్లు పోర్చుగీసు చిత్రకారుడు సల్గాదో 1898లో వ్రాసిన పటమును పునర్నిర్మించి, గడ్డము పెట్టుకొని తానే వాస్కోగ నిలిచెను. మన మీదికి వచ్చినవాడు తన రాకను తానెట్లు చెప్పుకొనెనో, ఆ కథలోనికి మన ఆడుబిడ్డ యొకతె నడచిపోయి, అతని స్థానమున నిలువబడి, మన వైపు తిరిగి చూచుచున్నది.

> ఈ విద్య ఎంత ప్రాచీనము?
> ఫోటో విద్య లోకమునకు వెల్లడియైన మరుసటేడే వేషము పుట్టెను. తన ఆవిష్కరణకు తగిన గౌరవము దక్కలేదని నొచ్చుకొన్న ఫ్రెంచి దేశీయుడు బయార్డు 1840లో నీట మునిగి చనిపోయినవానివలె నటించి తన చిత్రము తానే తీసికొనెను. కలకత్తాలో జన్మించిన జూలియా మార్గరెట్ కామెరాను తన యింటి పనికత్తెలకు దేవదూతల వేషములు వేసి, మేరీ హిల్లియరను పరిచారికను మరియమాతగ మార్చెను. కెనడా కళాకారుడు జెఫ్ వాల్, జపాను చిత్రకారుడు హొకుసాయి గీసిన గాలివాన బొమ్మ నాధారముగ గొని, నూటికి మించిన చిత్రములను కూర్చి 1993లో ఒకే దృశ్యముగ పూర్తిచేసెను. దానికి ఏడాదికి పైగా పట్టినది.

చిక్కడపల్లి సరంజామా

పుష్పమాల చిత్రములను చూచి బెంగళూరునకు పరుగిడ పనిలేదు. వానికి కావలసిన సరంజామా అంతయు అశోక్ నగరు, చిక్కడపల్లి, నారాయణగూడ అను మన మూడు పేటలలోనే యున్నది, లేక మొన్నటివరకు ఉండెను.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పద్యనాటకమున్న సాయంకాలము వేషములు వేయు గదిలోనికి తొంగిచూడుడు. బ్యాంకులో ఉద్యోగము చేసి విశ్రాంతి తీసికొన్న యొక పెద్దమనిషి ముఖమునకు నీలివర్ణము పూయించుకొని శ్రీకృష్ణుడగుచుండును. కిరీటము సరిపోక లోన గుడ్డ కుక్కుదురు. భుజకీర్తుల తాళ్ళు బిగించువాడు "నొస్తున్నదా, బాబాయిగారూ?" అని అడుగును. గంట మ్రోగుటకు మునుపు, ధర్మరాజును భీమార్జునులను వెంటబెట్టుకొని ఆ కృష్ణుడు సెల్‌ఫోను ముందు నిలుచును. అప్పుడు ఆయన నడుము తనంతట తానే నిటారగును, చేయి తనంతట తానే అభయముద్ర దాల్చును. వేషము దేహమునకు నేర్పు పాఠమది. ముఖమొక్కటి యిచ్చి కూర్చున్నవానికి అది దక్కదు.

తెర మాట వచ్చినది గనుక సురభి వారిని తలపకుండుట కృతఘ్నత. 1885లో కడప మండలపు సురభి గ్రామమున వనారస గోవిందరావు గారు కీచకవధ మాడించి ఆరంభించిన ఆ కుటుంబ నాటకసమాజము అంతఃపురము, అరణ్యము, వీధి, స్వర్గము అను తెరలను చుట్టలుగ చుట్టి బండ్లమీద వేసికొని తెలుగునేల నలుచెరగుల తిరిగెను. స్త్రీపాత్రలను పురుషులే ధరించు రోజులలో తమ యింటి స్త్రీలనే రంగస్థలమెక్కించెను. 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడపిన ఆర్. నాగేశ్వరరావు గారికి, అందరును బాబ్జీ అని పిలుచుకొన్న ఆ సూత్రధారికి, 2013లో పద్మశ్రీ లభించెను. మాయాబజారున ఘటోత్కచుని మాయను తీగెలతో, కప్పీలతో, దీపములతో రక్తికట్టించిన ఆ యింటి బిడ్డలకు, తెర యనునది గుడ్డ మాత్రమే కాదని పసితనముననే తెలియును. తెరను చూచి తామే లోకమున నున్నారో నిర్ణయించుకొని, ఆ లోకమునకు తగిన నడక నడువ నేర్చిరి.

ఇక ఆర్టీసీ క్రాస్‌రోడ్డు. సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్ల ముందు ఆకాశమంత ఎత్తున నిలిచిన హస్తలిఖిత బ్యానర్లను చూచినవారు నారాయణగూడ దీపక్, శాంతి టాకీసులనుగూడ మరువరు. చేతిలోని చిన్న స్టిల్లు ఫోటోపై గళ్ళు గీసి, అవే గళ్ళు పెద్ద గుడ్డపై దించి, ముక్కలు ముక్కలుగ చిత్రించి, పిమ్మట అన్నింటిని ఒకచో జతపరచు విద్య అది. నాయకుని చెంపకు గులాబి వన్నె, కంటిక్రింద నీలము, ప్రతినాయకుని నొసట ఆకుపచ్చ ఛాయ! దగ్గరనుండి చూచినచో రంగుల ముద్దలు, రోడ్డు కావలినుండి చూచినచో సాక్షాత్తు నాయకుడు. ఈ శతాబ్దపు తొలి యేండ్లలో ఫ్లెక్సీ వచ్చి ఆ కుంచెలను మూలబెట్టెను. ఆ చేతులలో కొన్ని దుకాణముల బోర్డులు వ్రాయుటకును, కొన్ని గోడలకు సున్నము వేయుటకును మరలినవి. ఇది ఒక వృత్తి నశించుట మాత్రమేనని తలచి సరిపెట్టుకొనజాలను. చిన్నదానిని పెద్దదిగ, పెద్దదానిని దూరమునకు తగినట్లుగ కొలుచు ఒక చూపు మన వీధినుండి తొలగిపోయినది.

స్టూడియోల వెనుక గోడలపై చిత్రించిన తాజమహలు, జలపాతము, విమానము, మెట్లవరుస కూడ ఆ కుంచెల సంతానమే. జాతరలలోను, మన నుమాయిష్‌లోను చెక్క చందమామపై కూర్చుండి ఫోటో దిగిన దంపతులు చంద్రుని మీద నున్నామని ఎవరిని నమ్మించిరి? ఒకరి భుజముపై నొకరు చేయి వేయుటకు సంకోచించు ఆ కాలమున, చందమామ యొక మిష. అంత పెద్ద మాయ ముందు అంత చిన్న సాన్నిహిత్యమును ఎవరును తప్పుపట్టరు గదా. మా పేటలలో ఎన్ని యిండ్ల గోడలపై ఆ చందమామ నేటికిని వెలుగుచున్నదో!

యంత్రమునకు ముఖమొక్కటి చాలును

యంత్రమేధ చేసిన చిత్రమునకును, తెర కట్టి తీసిన చిత్రమునకును అందములో వ్యత్యాసమున్నదని నేను వాదింపను. కొన్నిట యంత్రముదే పైచేయి. వ్యత్యాసము మనుష్యులలో నున్నది. యంత్రమునకు మన ముఖమొక్కటి చాలును. తెరకు కుట్టువాడు కావలెను, రంగులవాడు కావలెను, దీపము పట్టు తమ్ముడు కావలెను, చీర కుచ్చిళ్ళు సవరించు అత్త కావలెను, "గడ్డం జర కిందికి" అని చెప్పు కన్ను కావలెను. వీరందరి నడుమ కూర్చుండి, నలుగురి చూపులకు తన్ను అప్పగించుకొన్నవాని ముఖమున ఒక నమ్మకము వెలయును. ఆ నమ్మకమే బొమ్మలో పడును.

జనానా స్టూడియో గోడల నడుమ ఆనాటి స్త్రీ మరియొక స్త్రీని నమ్మెను. పుష్పమాల క్లేర్ ఆర్నీని నమ్మెను, ఠక్కరుగారి దీపములను నమ్మెను. అశోక్ నగరు యువకుడు వీపు వెనుక క్లిప్పులు బిగించు వ్రేళ్ళను నమ్మెను. పెండ్లి ఫోటోషూటున కంత ధనము పోయుచున్న మన వారు, అందులో కొంత భాగమును ఒక తెర చిత్రించు వృద్ధునకును, ఒక వేషము కుట్టు దర్జీకిని మరలించి, ఇరువురి వంశములలోని యొక నిజమైన కథను ఎన్నుకొని దానిని నిలిపినచో ఎంత బాగుండును! తాత సింగరేణిలో పనిచేసిన యింట బొగ్గుగని దీపము, అమ్మమ్మ మగ్గము నేసిన యింట పోచంపల్లి దారము, నాయన ఆర్టీసీ కండక్టరైన యింట టికెట్టు పెట్టె, ఇవి చాలవా? వధువు కండక్టరు సంచి తగిలించుకొని, వరుడు ప్రయాణికుడై నిలిచిన చిత్రము ఆ యింటి మనుమలకు పనికివచ్చును.

నారాయణగూడ బాలికలకు ఒక మనవి

తెలుగు మాధ్యమమున ఆడపిల్లలకు చదువు చెప్పుటకు మాడపాటి హనుమంతరావు గారు పాటుపడి 1928లో నెలకొల్పిన బాలికల పాఠశాల నారాయణగూడదే. రెడ్డి మహిళా కళాశాలయు అచ్చటనే కలదు. ఆ విద్యాలయముల బాలికలకు నాదొక మనవి. దీనదయాళ్ జనానా స్టూడియోను మీరు మరల కట్టుడు. తరగతి గది యొకటి చాలును. కిటికీలకు పాత దుప్పట్లు కట్టి ఎత్తైన ప్రహరీని చేయవచ్చును. క్రాస్‌రోడ్డున ఒకప్పుడు బ్యానర్లు వ్రాసిన చేయి నొకదానిని వెదకి పట్టి, వారిని గౌరవముతో పిలిచి, తగిన ప్రతిఫలమిచ్చి, వెనుకతెర వ్రాయించుకొనుడు. గళ్ళు గీయుటెట్లో ప్రక్కన కూర్చుండి నేర్చుకొనుడు. గానసభలో వేషములు వేయువారిని కలిసి ఆ నాటి కొప్పు, ఆ నాటి ముక్కుపుడక యెట్లుండునో అడుగుడు. ఫోనులోని కెమెరాయే చాలును, కాని గాజుపలక కాలమువలె ఒక్కొక్క కూర్పునకు ఒక్కటే చిత్రమని నియమము పెట్టుకొనుడు.

అటుపిమ్మట మీరు తేల్చుకొనవలసినవి కొన్ని కలవు. కెన్నీ-లెవిక్ దొరసాని వేషమెవరిది? కెమెరాకు చేయందించు సహాయకురాలు తెలుగు మాటలాడునా, ఉర్దూ మాటలాడునా? కుర్చీలో కూర్చున్న యువతి ఒడిలో పుస్తకముంచవలెనా, ఉంచినచో అది యే లిపిలో నుండవలెను? ఆమె ముసుగు తీసినపుడు మొదట ఎవరి వైపు చూడవలెను, దొరసాని వైపా, కెమెరా వైపా, తలుపు కడ కాచుకొన్న దాసి వైపా? ఆ దాసికి కుర్చీ వంతు వచ్చునా? వచ్చినచో ఆమె యే నగ పెట్టుకొనును, ఎవరినుండి అడిగి తీసికొనును? ఈ ప్రశ్నల కొరకు మీలో మీరు వాదించుకొను మధ్యాహ్నములు పుష్పమాల పనికి అతి సమీపమైనవి. వాదము తేలినపుడు తెర కట్టుడు, ఆ దాసిని మొదట పిలువుడు.